దిగుడు బావి దగ్గర ఎడమ చెయ్యి

1930ల నడుమ నన్ను కడప జిల్లాలో ఒక బోర్డు హైస్కూలుకు డ్రిల్లు మాస్టరుగా బదిలీ చేశారు. అయ్యవార్ల వరుసలో డ్రిల్లు మాస్టరుది ఆఖరి కుర్చీ. మా స్టాఫు గదిలో ఆ కుర్చీకి ఒక కాలు పొట్టి కూడా. చేరిన వారానికే హెడ్మాస్టరుగారు స్కౌటు దళాన్ని నా నెత్తిన పెట్టారు. జీతం పెంచలేదు గాని ఒక ఈల ఇచ్చారు.

దళమంటే పై తరగతుల పిల్లలు. ఆరేడుగురు కలిస్తే ఒక జట్టు, దానికో నాయకుడు. ఆ నాయకుణ్ణి పెట్రోలు లీడరు అనేవాళ్ళం. మోటారు కారు ఎప్పుడో గాని రాని పల్లెల్లో ఆ మాట వింటే, వీడు నూనె అమ్ముతాడా అని అడిగేవాళ్ళు. స్కౌటు సలాము కుడిచేత్తో చేస్తాడు, చెయ్యి కలిపేటప్పుడు మాత్రం ఎడమచెయ్యి ఇస్తాడు. పూర్వం సిపాయిలు ఎడమచేత డాలు పట్టేవారట. డాలు దించి ఆ చెయ్యి ఇచ్చారంటే నిన్ను నమ్మానని అర్థమట. పుస్తకంలో అలా ఉంది, నేనూ అలాగే నేర్పాను.

ఏటా ఎండలు ముదరకముందే ఒక పల్లెలో మకాం వేసి ఏదో ఒక సేవ చేసి రావాలి. ఆ ఏడు దస్తగిరి అనే జట్టు నాయకుడు తన ఊరికి పోదామని అడిగాడు. వేంపల్లె దిక్కున చిన్న పల్లె. వాళ్ళు దూదేకులవాళ్ళు, తండ్రి ఇంటింటికీ తిరిగి పరుపులకు దూది ఏకేవాడు. తల్లి నారికురుపుతో మంచాన ఉంది.

నారికురుపు ఈనాటి పిల్లలకు తెలియదు. వాళ్ళ అదృష్టం. కాలిలోంచి దారంలాంటి పురుగు బయటికి వస్తుంది. మంగలి దాన్ని పుల్లకు చుట్టి రోజుకు కాస్త లాగుతాడు. తెగిందా, కాలు గుమ్మడికాయ అవుతుంది. ఆ కాలితో దిగుడు బావిలోకి దిగితే పురుగు నీళ్ళలో కంటికి కనపడని పిల్లల్ని వదులుతుంది. ఆ నీళ్ళు తాగినవాళ్ళకు ఏడాది తిరిగేసరికి అదే కురుపు లేస్తుంది. మందు లేదు. మెట్లు మూసేసి, పైనుంచి తాడుతో చేదుకోవడమొక్కటే దారి.

వచ్చే ఏడు కూడా తల్లి పడకేస్తే బడి మాన్పించి కూలికి పంపుతానని తండ్రి చెప్పేశాడు. ఆ మాట దస్తగిరి నాకు చెప్పి, ఆ బావి మెట్లు మూద్దాం సార్ అన్నాడు. వాడు నాలుగో ఫారంలో, అంటే ఇప్పటి తొమ్మిదో తరగతిలో, మొదటివాడు. ఆ ఊరే ఖాయం చేశాను.

బావి తవ్వించింది ఊరి పెద్ద అయిన పెద్దరెడ్డి వాళ్ళ తాత. ఇప్పుడు రెడ్డి ఊ అంటేనే పని. పిల్లల్ని బారుగా నిలబెట్టి ఆయన అరుగు ముందుకు తీసుకుపోయాను. తాసిల్దార్లతో తిరిగిన మనిషి కనక దొరల మర్యాద తెలుసు. మెట్లు దిగివచ్చి, ముందున్న దస్తగిరికి కుడిచెయ్యి చాచాడు. వాడు సలాము చేసి, ఎడమచెయ్యి ఇచ్చాడు.

కవాతులో అలవాటైన చెయ్యి, బుర్రను అడగకుండానే లేచింది. రెడ్డి మొహం కందిపోయింది. "నా పరుపులో దూది ఏకినోని కొడుకువి, నాకు ఎడమచెయ్యి ఇస్తావంట్రా? పోండి! బావి కాడ మీ నీడ గూడ పడకూడదు" అని లోపలికి పోయి తలుపు వేసుకున్నాడు. నేను తలుపుతో కాసేపు మాట్లాడి తిరిగి వచ్చాను.

మా మకాం చర్చి బడిలో. అక్కడ గౌరవసభ కూర్చుంది. స్కౌటు పద్ధతిలో చిక్కేదైనా వస్తే జట్టు నాయకులే కూర్చుని తేల్చాలి. మాస్టరు సలహా ఇవ్వచ్చు గాని ఓటు లేదు. నేను పోయి బతిమాలుకుంటానన్నాను. ఒకడు మూట కట్టుకుందామన్నాడు. దస్తగిరి చివరికి నోరు విప్పాడు. "చెయ్యి నాది సార్. నేనే పోతా." సభ ఒప్పుకుంది. నేను వెంట పోవచ్చు, నోరు మెదపకూడదని తీర్మానించింది. ఉద్యోగంలో నేను పాటించిన ఉత్తర్వుల్లో అంత కష్టమైనది ఇంకొకటి లేదు.

మర్నాడు పొద్దున రెడ్డి అరుగు మీద వేపపుల్ల నములుతున్నాడు. జీతగాళ్ళు చుట్టూ ఉన్నారు.

"మళ్ళా ఏం మొగం పెట్టుకోని వచ్చినావురా?"

దస్తగిరి డాలు కథ చెప్పాడు. రెడ్డి విని, "డాలు కింద పెట్టినోడు మా ఊర్లో మళ్ళా ఎత్తుకునేదానికి ఉండడప్పా" అన్నాడు. జీతగాళ్ళు పగలబడి నవ్వారు. నాకు నోరు దురద పెట్టింది. తీర్మానం గుర్తొచ్చి ఊరుకున్నాను.

నవ్వు ఆగేదాకా వాడు నిలబడ్డాడు. తర్వాత నెమ్మదిగా, "అది ఇస్కూలు కథ, పోనీలే పెద్దరెడ్డీ. నీళ్ళు చేదేటప్పుడు చూడు. కుడిచెయ్యి తాడు లాగుతాది. ఇంకో బార లాగల్లంటే దాన్ని వదలాల. అప్పుడు ఎడమచెయ్యి పట్టుకోకపోతే కడవ మళ్ళా బాయిలోనే. మాయమ్మ మంచాన పడి శానా దినాలాయ. ఊర్లో ఇంకా ఎందరో పండుకోనుండారు. నువ్వు గిలక పెట్టనిస్తే, ఆ పట్టుకునే చెయ్యి మేమవుతాం" అన్నాడు.

రెడ్డి పుల్ల పారేసి నోరు పుక్కిలించాడు. ఆఖరికి, "మా తాత కట్టించిన మెట్లురా అవి. పెరికేస్తారా?" అన్నాడు.

"ఒక్కటీ పెరకం. అడ్డంగా బండలు నిలబెడతాం."

"తాడు?"

"మా నాయన పేనిస్తాడు."

"గిలక నేనిస్తా. బండలు మీరు మొయ్యండి. పని సరిగా లేకుంటే మీ సారును గూడ బాయిలో దించుతా."

పిల్లలు బండలు మోశారు. భుజాలు కొట్టుకుపోయాయి. గిలక బిగించాక తొలి కడవ రెడ్డే చేదాడు. తాడు ఒక్కసారి జారబోతే ఎడమచెయ్యి పట్టేసింది. దస్తగిరి వైపు తిరిగి, "పట్టుకునిందిరా" అన్నాడు.

అంతకుముందే ఆ నీళ్ళు తాగినవాళ్ళు కొందరు మరుసటి వేసవిలోనూ పడకేశారు. దస్తగిరి తల్లి పడకెయ్యలేదు. వాడు బడి మానలేదు.

ఆ తర్వాత నేను పనిచేసిన బళ్ళలో ఎడమచేతి మర్యాద నేర్పుతూనే వచ్చాను. పల్లెలో మాత్రం దణ్ణం పెట్టండి చాలు అని చెప్పేవాణ్ణి. జట్టు నాయకుణ్ణి ఎంచే పద్ధతి కూడా మారింది. అంతకుముందు కవాతులో అడుగు తప్పనివాణ్ణి చూసేవాణ్ణి. ఆ ఏటి నుంచి, తిట్లు తిన్న గడపకు మర్నాడు తిరిగి పోగలవాడెవడో చూసి వాణ్ణి ఎంచాను.