పాపను ఎత్తుకోని మనిషితో మనామా తిరిగిన రోజు

శుక్రవారం ఉదయం ఎనిమిదీ పదికి జింజ్‌లోని మా ఫ్లాటుకు తాళం వేశాను. వేసిన తాళాన్ని రెండుసార్లు లాగి చూశాను. రెండంతస్తులు దిగాక మళ్ళీ పైకెక్కి మూడోసారి లాగి వచ్చాను. మా ఆయన ప్రభాకర్ నన్ను ఎరిగినవాడు కాబట్టి పాపను భుజాన వేసుకొని కింద గోడకు ఆనుకొని ఓపిగ్గా నిలబడ్డాడు. నాకు అనుమానం పుట్టుకతోనే వచ్చింది. పైగా నేను నర్సును. మందు సీసా మీది పేరు ఒకటికి మూడుసార్లు చదివితే తప్ప సాగని ఉద్యోగం నాది.

ఇది రెండు వేల ఎనిమిది మొదట్లో మాట. బహ్రెయిన్‌లో చలికాలం. మా పాప కృపకు నాలుగో నెల నడుస్తోంది. అంతకు ముందు మూడు శుక్రవారాలు మేం ముగ్గురం ఇలాగే ఊరు మీద పడ్డాం. ఒకసారి సముద్రపు ఒడ్డు, ఒకసారి బజారు, ఒకసారి ఊరికే బస్సెక్కి చివరి స్టాపు దాకా వెళ్ళి రావడం. ఐదేళ్ళుగా చూస్తున్న వీధులే పాప చంకలో ఉంటే కొత్తగా కనిపించేవి. పాప ట్రాఫిక్ లైటును చూసి నవ్వితే మేమూ ఆగి ట్రాఫిక్ లైటును చూసేవాళ్ళం.

ఈ శుక్రవారం తిరుగుడు మాత్రం వేరే పని మీద. మర్నాడు, శనివారం ఉదయం ఏడింటికి నేను డ్యూటీలో చేరాలి. పాపను చూసుకోవడానికి మాకు దొరికిన ఒకే ఒక మనిషి సువార్తమ్మ. మా తెలుగు క్రైస్తవ సహవాసంలో వెనక వరసలో కూర్చునే నరసాపురం ఆవిడ, నలభై ఐదేళ్ళు ఉంటాయి. ఇళ్ళలో పిల్లల్ని పెంచడమే ఆవిడ పని. ఒక రోజంతా వెంట తిప్పుకొని ఆవిడ ఎలాంటి మనిషో చూడాలన్నది నా ఆలోచన. నచ్చితే శనివారం నుంచి పాప ఆవిడ దగ్గర. నచ్చకపోతే సోమవారం విమానంలో ప్రభాకర్ పాపను నిజామాబాదు తీసుకెళ్ళి మా అత్తమ్మకు అప్పగించి వస్తాడు. టికెట్ ఏజెంటు దగ్గర పట్టి ఉంచాం, ఏ సంగతో ఆ సాయంత్రంలోగా చెప్పాలి. పంపితే నేను పాపను మళ్ళీ చూసేది వచ్చే ఏడాది సెలవులోనే. ఇవేవీ సువార్తమ్మకు చెప్పలేదు. ఊరు తిరుగుదాం రమ్మన్నామంతే.

ఎనిమిదీ నలభైకి బస్సు వచ్చింది. మనిషికి రెండు వందల ఫిల్సు, అంటే దినారులో ఐదో వంతు, పాపకు ఏమీ లేదు. చంటిబిడ్డతో వెళ్ళేవాళ్ళకు నా సలహా, డ్రైవరు వెనక సీటు తీసుకోండి, కుదుపు తక్కువ. ఆ సీటును తడి గుడ్డతో తుడిచాకే కూర్చున్నాను. మనామాలో తొమ్మిదింటికి ఆరాధన, పదకొండున్నరకు అయిపోయింది. హాలు మెట్ల దగ్గర సువార్తమ్మ ముదురాకుపచ్చ చీర మీద స్వెట్టరు వేసుకొని నిలబడి ఉంది.

"ప్రైజ్ ది లార్డ్ సిస్టరుగారూ. ఆ సంచీ ఇలా ఇవ్వండి," అని పాప డైపర్ల సంచి అందుకుంది.

"సంచి ఎందుకక్కా, పాపను ఎత్తుకుంటవా?" అన్నాను.

"మీ దగ్గరే ఉండనివ్వండమ్మా, చలిగాలి కదా," అని సంచి సర్దుకొని ముందుకు నడిచింది.

నా మనసులో మొదటి ముల్లు అక్కడే గుచ్చుకుంది. మా సహవాసంలో పాపను ఎత్తుకోని ఆడమనిషి లేదు. వద్దన్నా లాక్కుంటారు. పిల్లల్ని పెంచడమే పనైన మనిషి సంచి అడుగుతుందా?

అక్కడ నుంచి బజారు వైపు నడిచాం. ప్రభాకర్ మడిచే బండి తెరిచి పాపను అందులో పడుకోబెట్టాడు. నేను హిందీలో అన్నాను, "ఈమె పాపకు చెయ్యి కూడా తగిలిస్తలేదు, చూసినవా?" మా నిజామాబాదులో సగం ఊరు ఉర్దూ మాట్లాడుతుంది. ఇంట్లో పెద్దవాళ్ళకు తెలియకూడని మాటలన్నీ పెళ్ళైన కొత్తలో మేం హిందీలోనే నడిపాం. ఇక కోస్తావాళ్ళకు హిందీ ఒక్క ముక్క రాదన్నది మా వైపు అందరికీ ఉన్న ధీమా. కాబట్టి పక్కనే సువార్తమ్మ నడుస్తున్నా మాకు దాపరికం అక్కర్లేకపోయింది.

బజారు ముఖద్వారం బాబ్ అల్ బహ్రెయిన్ దగ్గర నల్ల అబాయా వేసుకున్న ఒక పెద్దావిడ ఆగి, "మాషా అల్లా," అంటూ పాప బుగ్గ తాకింది. తరువాత సువార్తమ్మ ముఖంలోకి తేరిపార చూసి, ఏదో పేరుతో పిలిచి, గబగబా అరబ్బీలో మాట్లాడింది. సువార్తమ్మ తల వంచుకొని రెండు మూడు మాటలు చెప్పింది. ఐదు నిమిషాలు సాగింది.

"ఏమన్నది అక్కా?" అని అడిగాను.

"పాపకెన్ని నెల్లని అడిగిందండి."

"గంత సేపు గదేనా?"

"ఇంతకుముందు నే చేసిన ఇంటి పక్కావిడండి. కుశలం అడిగింది."

"ఆ ఇల్లు ఎందుకు విడిచిపెట్టినవు?"

"ఖలాస్ అయిపోయిందమ్మా," అని బండి చక్రానికి అడ్డొచ్చిన రాయిని కాలితో పక్కకు నెట్టింది.

రెండో ముల్లు. కారణం చెప్పలేని మనిషి ఏదో దాస్తున్నట్టే కదా! "ఏమన్న ఎత్తుకపోతే వెళ్ళగొట్టిండ్రేమో," అన్నాను హిందీలో. "గట్ల అనకు," అన్నాడు ప్రభాకర్, అతనూ హిందీలోనే. కాని అతని చెయ్యి జేబులోని పర్సు మీదకు పోవడం నేను చూశాను.

పన్నెండున్నరకు భోజనం. శుక్రవారం నమాజు వేళ బజారు దాదాపు మూసేస్తారు, ఆలోగానే హోటల్లో చేరిపోవాలి. పరదా కట్టిన ఫ్యామిలీ గది ఉన్న హోటలు చూసుకుంటే పాలివ్వడానికి ఇబ్బంది ఉండదు. అన్నం, పప్పు, చేప వేపుడు, ముగ్గురికీ కలిపి రెండు దినార్ల లోపే. పాలు తాగి పాప నా ఒళ్ళో ఆడుకుంటోంది. ఇలాంటప్పుడు పక్కనున్న ఆడమనిషి బిడ్డను అందుకొని తల్లిని తిననివ్వడం ఎక్కడైనా ఉన్నదే. సువార్తమ్మ అందుకోలేదు. నా పళ్ళెం తన ముందుకు లాక్కొని, చేపలో ముళ్ళన్నీ ఏరి, నేను ఒంటి చేత్తో తినేలా ముక్కలు చేసి మళ్ళీ నా ముందు పెట్టింది.

"తినండమ్మా, ఇంక ముల్లు లేదు," అంది.

నేను తినే ముందు మళ్ళీ వెతికాను. ఒక్క ముల్లు లేదు. అలా వెతుకుతూనే ఆవిడ గోళ్ళు, కళ్ళు, మెడ చూశాను. కామెర్ల పసుపు లేదు, చర్మం మీద మచ్చ లేదు, దగ్గు లేదు. "ఏదో జబ్బున్నట్టుంది, అందుకే పాపను ముట్టుకుంటలేదు," అన్నాను హిందీలో. సువార్తమ్మ మంచినీళ్ళు తాగి గ్లాసు కింద పెట్టింది.

ఒకటిన్నరకు సనాబిస్ వైపు బస్సు, పదిహేను నిమిషాల్లో మాల్ దగ్గర దింపింది. చంటిపిల్లల తల్లులకు అదొక స్వర్గం. పిల్లల గది ఉంది, డైపరు మార్చే బల్ల ఉంది, లిఫ్టులో బండి పడుతుంది. నేను మాత్రం ఆ స్వర్గానికి పరీక్ష పెట్టడానికి వెళ్ళాను. బాత్రూముకు పోతున్నానని చెప్పాను. ప్రభాకర్‌ను ఫోను వంకతో పక్కకు వెళ్ళమని కళ్ళతోనే సైగ చేశాను. తరువాత ఒక స్తంభం చాటున నిలబడి చూశాను.

సువార్తమ్మ ఒక చెయ్యి బండి మీద వేసి నిలబడింది. ఎవరు దగ్గరగా వచ్చినా బండిని తన వైపు తిప్పుకుంటోంది. ఐదు నిమిషాలకు పాప ఏడుపు అందుకుంది. ఆవిడ వంగింది. చేతులు చాచింది కూడా. నేను స్తంభం అంచు దాకా జరిగాను. అంతలో ఆవిడ అటూ ఇటూ చూసి చేతులు వెనక్కి తీసుకొని, "బ్రదరుగారూ! ఓ బ్రదరుగారూ! పాప ఏడుస్తందండి," అని గట్టిగా పిలిచింది.

నాకు ఒళ్ళు మండింది. ఏడ్చే బిడ్డను ఎత్తుకోని మనిషికి నా బిడ్డను పది గంటలు ఎలా వదలను! ప్రభాకర్ వచ్చేసరికి నేనూ వెళ్ళి పాపను గుండెకు హత్తుకొని, ఆవిడ పక్కనుండగానే, "ఈమె నక్కో, వద్దే వద్దు," అనేశాను. "సోమవారం టికెట్ పక్కా చేయమని ఏజెంటుకు చెప్పు." ఇదీ హిందీలోనే. ప్రభాకర్ సాయంత్రం చేస్తానన్నాడు. ఆ తరువాత మాల్‌లో ఏం చూశామో నాకు గుర్తులేదు. ఎవరి బండిలో చూసినా నాలుగు నెలల పాపే కనిపించింది.

నాలుగూ ఇరవైకి తిరుగు బస్సు ఎక్కి మనామా బస్టాండులో దిగాం. జింజ్ బస్సు ఐదింటికి, సంచి మోస్తూ సువార్తమ్మ కూడా మా వెంటే. డ్రైవరు పాకిస్తాన్ మనిషి. శుక్రవారం సాయంత్రం బస్సు జింజ్ లోపలికి పోదు, పెద్ద రోడ్డు మీదే దింపుతానన్నాడు. అక్కడి నుంచి ఇరవై నిమిషాల నడక. ప్రభాకర్ హిందీలో బతిమాలాడు, డ్రైవరు తల అడ్డంగా ఊపాడు. అప్పుడు సువార్తమ్మ ముందుకు జరిగింది.

చెబితే నమ్మరు. హిందీ గలగలా పారింది. "భాయ్ సాబ్, నాలుగు నెలల పిల్ల, చలిగాలి, తల్లి రేపు పొద్దున్నే డ్యూటీకి పోవాలి, మీ ఇంట్లోనూ పిల్లలుంటారు కదా," అని ఆవిడ చెప్పిన తీరుకు డ్రైవరు నవ్వి, "సరే చెల్లెమ్మా, కూర్చో," అన్నాడు. మా కంటే ఆవిడ హిందీయే శుభ్రంగా ఉంది.

ప్రభాకర్ నా వైపు చూశాడు. నేను కిటికీ వైపు చూశాను. పొద్దుటి నుంచి అన్న మాటలు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. చెయ్యి తగిలిస్తలేదు. ఎత్తుకపోతే వెళ్ళగొట్టిండ్రేమో. జబ్బున్నట్టుంది. నక్కో. సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

బస్సు కదిలాక, ఎదురు సీట్లో కూర్చున్న ఆవిడే మాట్లాడింది. "పద్నాలుగేళ్ళయిందండి నేనొచ్చి. హిందీ రాకపోతే ఎలాగండి?"

"అక్కా..." అన్నాను.

"నేనొద్దంటే వద్దు సిస్టరుగారూ, నాకేం బాధ లేదు. ఇంకొకర్ని చూసుకోండి. అంతేగానీ పాలు తాగే పిల్లని సోమవారం విమానం ఎక్కించకండి."

తరువాత ఆవిడ తన చేతులు చూసుకుంటూ చెప్పింది. "పొద్దున ఆ పెద్దావిడ నన్ను ఏమడిగిందో తెలుసాండి? 'ఆ బాబు ఇంకా నీకోసం అడుగుతున్నాడు, చూడ్డానికి రాలేదే?' అని. పుట్టిన మూడోనాటి నుంచి నాలుగేళ్ళు పెంచేనండి. ఓ రోజు తల్లి ఎత్తుకోబోతే నా మెడ పట్టుకొని వదల్లేదు. చుట్టాలందరి ముందూనండి. మర్నాడు సామాన్ సర్దుకోమన్నారు. అప్పట్నించీ తల్లి చూస్తుండగా ఏ బిడ్డనీ ఎత్తుకోనండి. తల్లి గుమ్మం దాటేకే ఎత్తుకుంటాను. మా పనోళ్ళం చాలామంది ఇంతేనండి."

"మాల్‌లో నేను లేను కదక్కా?"

"స్తంభం పక్కన మీ చెప్పులు కనిపించేయండి."

ప్రభాకర్ ఫక్కున నవ్వి, నా ముఖం చూసి ఆపుకున్నాడు. అప్పుడే పాప లేచి రాగం తీసింది. నేను లేచి పాపను ఆవిడ ఒళ్ళో పెట్టాను. ఆవిడ వెంటనే పట్టుకోలేదు. నన్ను చూసింది, ప్రభాకర్‌ను చూసింది. పొద్దుటి నుంచి నేను ఆవిడను ఎలా చూశానో అచ్చం అలాగే చూసింది.

తరువాత ఎత్తుకుంది. ఒక అరచెయ్యి మెడ కిందకు, ఇంకొకటి నడుము కిందకు వెళ్ళాయి. పాప కడుపును తన భుజానికి ఆనించి, వీపు మీద రెండు వేళ్ళతో గుండ్రంగా రాసింది. నర్సును కదా, తప్పు వెతికాను. దొరకలేదు. నిమిషం తిరగకుండా పాప ఏడుపు మాని ఆవిడ చెవి రింగును చూస్తూ నవ్వింది. నా దగ్గర అలా ఊరుకోవడానికి పావుగంట పడుతుంది. ఒక్క తప్పయినా దొరికి ఉంటే బాగుండేది అనిపించింది. ఆ బాబు తల్లి మీద అప్పటిదాకా వచ్చిన కోపం కాస్త తగ్గింది కూడా.

ఐదున్నరకు జింజ్‌లో మా వీధి చివరే బస్సు ఆగింది. మనామా, సనాబిస్ ఒక్క రోజులో చూడాలనుకునే కొత్త తల్లిదండ్రులకు ఈ దారి సులువే, ఖర్చు తక్కువే. పిల్లలు పెద్దగా ఏడవరు, పెద్దవాళ్ళకు కాళ్ళ నొప్పులు, అంతే. దిగబోతూ నేను పాప కోసం చేతులు చాచాను. పాప ఆవిడ స్వెట్టరు అంచును పిడికిట్లో పట్టుకొని ఉంది. సువార్తమ్మ గబుక్కున ఆ పిడికిలి విప్పసాగింది. చిటికెన వేలు ముందు, తరువాత ఒక్కొక్కటి, పాపకు నొప్పి తెలియకుండా. ఎన్నిసార్లు విప్పిన చేతులో!

"ఇడిపించకక్కా," అన్నాను. "ఇంటిదాంక నువ్వే ఎత్తుకొని రా. రేపు ఆరున్నరకు నేను గుమ్మం దాటకముందే ఎత్తుకో."

ఆవిడ వేళ్ళు ఆగిపోయాయి. "రేపొద్దున పాప మీ దగ్గరికి రానంటేనో, సిస్టరుగారూ?"

"ఏడుస్తా," అన్నాను. "ఏడ్చి డ్యూటీకి పోతా. నువ్వైతే పోకు."