పద్నాలుగో ప్రశ్నకు కరామత్ ఆగా జవాబు

“ఎవరైనా వచ్చి అడిగితే పొమ్మంటామని రాయాలట! ఈ చేత్తో ఆ మాట ఎలా రాయనయ్యా యదుల్లా?”

కరామత్ ఆగా చక్కెర ముక్కను పంటి కింద పెట్టుకుని టీ గ్లాసు ఎత్తాడు. మా ఊరి నీటి కార్యాలయంలో ఇరవై ఆరేళ్లుగా నది లెక్కలు చూసేది ఆయనే. నేను కొండ ఊళ్లకు విత్తనాలు వేసుకెళ్తుంటాను. సోమవారం సోమవారం ఆయన దగ్గర టీ తాగనిదే నా బండి కదలదు.

కొండల్లో పెద్ద వాన పడితే ఆ నీళ్లు ఆరు గంటల్లో మా పాత బజారుకు వచ్చేస్తాయి. ఎంత ఎత్తున వస్తాయో చేత్తో లెక్కకట్టడానికి ఆయనకు తొమ్మిది గంటలు పడుతుంది. నాలుగేళ్ల కిందటి వసంతంలో లెక్క తేలేసరికి రొట్టెల బట్టీ వీధిలో నడుం లోతు నీళ్లున్నాయి. లెక్క మాత్రం సరిగ్గానే వచ్చింది. ఆ సంగతి చెప్పేటప్పుడు ఆయన నా ముఖంలోకి చూడడు.

అందుకే కంప్యూటర్ కావాలన్నాడు. అది పది నిమిషాల్లో తేల్చేస్తుందట. జర్మనీ కంపెనీ ఒకటి అమ్ముతానంది. కానీ దాని లోపలి చిప్పు అమెరికాది. వాళ్ల అనుమతి లేనిదే మా ఇరాన్‌కు పంపకూడదు. అనుమతికి పందొమ్మిది ప్రశ్నల ఫారం. అందులో పద్నాలుగోది, ‘ఈ యంత్రాన్ని ఇతరులు వాడకుండా ఎలా ఆపుతారు?’

“మొదటిసారి ఏం రాశారు ఆగా?” అన్నాను, తెలిసే.

పక్క బల్ల దగ్గర టైపు కొడుతున్న మహ్‌లఖా ఖానుమ్ అందుకుంది. “నన్నడుగు, కొట్టింది నేనే. ‘మా యంత్రం మీదే అనుకోండి. మా గడప తొక్కినవాళ్లను కాదని పంపే అలవాటు మాకు లేదు.’ పెళ్లి పిలుపులా ఉందండీ అంటే విన్నారా?”

“మర్యాదకు రాశాను ఖానుమ్! మర్యాదకు అన్న మాటను ఎవరైనా నిజమనుకుంటారా?”

“అనుకున్నారుగా! సైన్యం వచ్చి అడిగినా ఇచ్చేస్తారన్నమాట అని, ఎనిమిది నెలలు కూర్చోబెట్టి కుదరదన్నారు.”

నేను నవ్వాను. ఆయనా నవ్వాడు, కాస్త ఆలస్యంగా.

రెండోసారి ‘ఎవరినీ ముట్టనివ్వం, గదికి తాళం వేస్తాం’ అని రాశాడు. అది పంపాక రెండు రోజులు ఆయనకు అన్నం సయించలేదని ఖానుమ్ చెప్పింది. దానికి జవాబు ఆ ఉదయమే వచ్చిందట. ఉత్తరం గ్లాసు కింద ఉంది, దాని మీద టీ మరక గుండ్రంగా పడింది.

“అనుమతి వచ్చింది” అన్నాడు.

“మరింకేం ఆగా, మిఠాయి ఏది?”

“ఆగు. అనుమతి వచ్చిన రకాన్ని ఇప్పుడు తయారు చేయడం లేదట. కొత్త రకం ఇంకా వేగమైనదట. అంత వేగమైనది మనకు అమ్మకూడదట. నెమ్మదిది లేదు, వేగమైనది ఇవ్వరు. మళ్లీ ఫారం నింపమన్నారు.”

“దుబాయ్ నుంచి దొంగచాటుగా...”

“పక్క జిల్లావాళ్లు తెప్పించారుగా. మూడో నెలలో ఆగిపోయింది. పాడైన లోపలి ముక్కకు బదులు పంపేవాడు లేడు. ఇప్పుడు దాని మీద పూలకుండీ పెట్టుకున్నారు.”

కలం మూత తీసి పద్నాలుగో ప్రశ్న దాకా వచ్చి, మళ్లీ మూత పెట్టేశాడు. కిటికీలోంచి చూస్తే కొండలు కనబడడం లేదు. అక్కడ అప్పటికే వాన మొదలైంది. ఖానుమ్ కూడా టైపు ఆపింది.

“నువ్వు పైకేగా వెళ్లేది?” అంటూ నా చేతిలోని గ్లాసు, సగం టీ ఉండగానే, తీసేసుకున్నాడు. ఆయన ఇంట్లోగానీ ఈ ఆఫీసులోగానీ ఆయన అలా చేయగా నేనెప్పుడూ చూడలేదు.

“కొండ దారిలో నది వంతెన దగ్గర బండి ఆపు. మూడో స్తంభానికి ఎర్ర గీత గీయించాను. నీళ్లు దానికి ఎన్ని జానల కిందున్నాయో చూడు. పక్కనే సఫర్ టీకొట్లో ఫోనుంది, వెంటనే నాకు చెప్పు, ఈసారి లెక్క తేలేదాకా ఆగలేం. వాడు కూర్చోమంటాడు, టీ తాగమంటాడు, ఒట్టు పెడతాడు. మొహమాటపడకు యదుల్లా. వద్దని చెప్పెయ్. ముందు ఫోను చెయ్.”