తళతళ మావయ్య సీసాలు

నీటిశుద్ధి కేంద్రంలో పరీక్ష సీసాలు కడుగుతూ ఇరవై ఏడేళ్లు నెట్టుకొచ్చిన ఆయన్ని అందరూ తళతళ మావయ్య అనేవారు. ఆయన కడిగిన సీసాలో ముఖం చూసుకుని తల దువ్వుకోవచ్చు. ఇంట్లో మాత్రం ఒక్క గ్లాసు కడిగిన పాపాన పోలేదని ఆయన భార్య చెప్పేది. ఆ మాటా నిజమే.

ఊరి సబ్బునీళ్లూ, పొలాల ఎరువూ కలిసి చెరువులో ఫాస్ఫేట్ పెరిగింది. నీళ్లు పచ్చరంగు డబ్బా ఒలకబోసినట్టు నాచెక్కిపోయాయి. కొత్తగా వచ్చిన ఇంజనీరమ్మ గుళికల తొట్టి ఒకటి పెట్టించింది. గుళిక నిండా కంటికి కనబడని చిల్లులు. నీళ్లు వాటి గుండా పోతుంటే ఫాస్ఫేట్ ఆ చిల్లుల గోడలకు అంటుకుపోవాలి. డబ్బిచ్చి చిల్లులు కొనడమేమిటని పెద్దాఫీసరు మొదటిరోజే పెదవి విరిచాడు.

పరీక్ష సులువే. మందు కలిపితే, ఫాస్ఫేట్ ఎంతుంటే అంత నీలం తేలుతుంది. తొట్టిలోకి వెళ్లే నీళ్లు లేత నీలం. బయటికొచ్చేవి ముదురు నీలం!

"తీసెయ్యమంటే కలిపి పంపుతోందేంటమ్మా మీ తొట్టి?" అన్నాడు ఆఫీసరు.

మూడు నెలలపాటు అదే వరస. సోమవారం కమిటీ కూర్చుని తొట్టిని పీకించేస్తుందన్నారు. ఇంజనీరమ్మ ముఖం చూస్తే మావయ్య ప్రాణం ఉసూరుమంది. అంత పెద్ద కేంద్రంలో ఆయన్ని "మీరు" అన్నది ఆ పిల్ల ఒక్కతే.

శుక్రవారం కాస్త మందు మిగిలితే, ఆయన ఊరికే తన తళతళల సీసాలో డిస్టిల్డ్ వాటర్ పోసి నాలుగు చుక్కలు వేశాడు. ఏమీ లేని నీళ్లు నీలంగా మారాయి. తను సీసాలు కడిగే తీరు ఒక్కొక్కటే గుర్తుచేసుకున్నాడు. చెరువు నీళ్ల సీసాలను, ఎలాగూ మురికేగా అని, ఉత్తనీళ్లతో గిలకరించి వదిలేసేవాడు. శుద్ధిచేసిన నీళ్ల సీసాలకు మాత్రం మర్యాదగా సబ్బుపొడి దట్టించి రుద్దేవాడు. ఫాస్ఫేట్ ఆ పొడిలోనే ఉంది.

చెబితే ఇరవై ఏడేళ్ల పేరు గంగపాలు. చెప్పకపోతే తొట్టి పాతసామాన్ల పాలు. రెండు రోజులు ఆయనకు ముద్ద దిగలేదు. సోమవారం కమిటీ ముందుకెళ్లి నిలబడ్డాడు.

"తప్పు తొట్టిది కాదండీ, నాది. సీసాలకంటిన సబ్బే మీకు నీలంగా కనబడింది."

ఇంజనీరమ్మ వెంటనే కొత్త సీసాలో పరీక్ష చేసి చూపించింది. నీలం జాడే లేదు. తొట్టి బతికింది. మర్నాడు ఉత్తర్వు వచ్చింది: "సీసాలు సరిగా కడగనందున పొరపాటు జరిగినది. ఇకమీదట ప్రతి సీసాను సబ్బుపొడితో రెండుసార్లు కడిగి రిజిస్టరులో సంతకము చేయవలెను." దాని వెంట ఒక బస్తా సబ్బుపొడి.

"సార్, ఆ సబ్బు వల్లే కదండీ..."

"ఏమయ్యా, సంతకమైపోయిన కాగితంతో వాదిస్తావా?" అన్నాడు ఆఫీసరు.

మావయ్య బస్తా మూతి విప్పలేదు. దాన్ని గోడవారగా వేసి, పైన గుడ్డ పరుచుకుని, దానిమీదే కూర్చుని, ఇంజనీరమ్మ చెప్పినట్టు పలచటి యాసిడ్‌తోనూ డిస్టిల్డ్ వాటర్‌తోనూ సీసాలన్నీ కడిగాడు. తర్వాత రిజిస్టరు తెరిచి "సబ్బుతో రెండుసార్లు" అని రాసి సంతకం పెట్టాడు. ఇరవై ఏడేళ్ల నౌకరీలో ఆయన రాసిన మొదటి అబద్ధం అది. ఆ కేంద్రం రిపోర్టుల్లో నిజం కనబడటం ఆ నెల నుంచే మొదలైంది.