పొగలో తుమ్ము

ఈ ఉదయం కెనడాలో మా ఓక్‌విల్‌లో సూర్యుడు పండిన టమాటాలా ఎర్రగా లేచాడు. ఎక్కడో ఉత్తరాన అడవులు తగలబడుతున్నాయట. ఆ పొగ ఇంత దూరం వచ్చింది. మనవరాలు కిటికీలన్నీ మూసేసి, "అమ్మమ్మా, డోంట్ గో అవుట్!" అని హుకుం జారీ చేసింది. ఆ వాసన ముక్కుకి తగలగానే నాకు మా అత్తగారు గుర్తొచ్చారు. పొగకీ అత్తగారికీ సంబంధమేమిటని కోడళ్ళెవరూ నవ్వకండి, అసలు సంగతి వేరే ఉంది.

అప్పట్లో మేము బ్రిటిష్ కొలంబియాలో, చుట్టూ పైన్ చెట్ల కొండలున్న చిన్న ఊళ్ళో ఉండేవాళ్ళం. మన పిల్లలు విమానాలకి విమానాలు దిగుతున్న రోజులు. ఏ తెలుగింటి బేస్‌మెంట్ చూసినా స్టూడెంట్లే. మా బేస్‌మెంట్‌లో ఒక వరంగల్ అమ్మాయి ఉండేది. పైన మావారూ, నేనూ, ఎనభై దాటిన మా అత్తగారూ, ఆవిడ ఆయాసమూ. ఆ వేసవిలో కొండ అవతల నిప్పంటుకుంది. ఏ క్షణంలోనైనా ఇల్లు వదలాల్సి రావచ్చు, సిద్ధంగా ఉండండని అలర్ట్ వచ్చింది. మావారు నిచ్చెనెక్కి, చూరు నీళ్ళు పారే గట్టర్లలో పేరుకున్న ఎండు పైన్ ఆకులు ఎత్తిపోశారు. గోడవారనున్న కట్టెలూ, మేము గరాజ్‌లో బిర్యానీ వండుకునే ప్రొపేన్ సిలిండరూ నేనూ ఆ అమ్మాయీ దూరంగా లాగిపడేశాం. పాస్‌పోర్టులు, మందులు, మాస్కులు సంచిలో సర్ది, కారుని రోడ్డు వైపు తిప్పి పెట్టుకున్నాం. గుమ్మానికున్న ఎండు మామిడి తోరణం పీకుతుంటే మాత్రం అత్తగారు ఊరుకోలేదు. "పండగ రాకుండా తోరణం తీసేస్తారా? రానీ ఆ మంటని, నేనిక్కడే ఉన్నాగా!" అంటూ నీళ్ళ గొట్టం అందుకుని మెట్లన్నీ తడిపేశారు.

మర్నాడు మధ్యాహ్నం ఇల్లు వదలమని ఆర్డర్ రానే వచ్చింది. పోలీసాయన తలుపు తట్టి, ఊరికి మిగిలింది ఒక్కటే రోడ్డు, అదీ మూసేలోగా వెళ్ళిపొమ్మన్నాడు. గడప దగ్గరికి రాగానే మావారు తుమ్మారు. అత్తగారు సంచి పక్కన పెట్టి కూర్చున్నారు. బయల్దేరేటప్పుడు ఒంటి తుమ్ము వినిపిస్తే కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి లేవాలి. ఆవిడ జన్మలో తప్పని నియమమది. నీళ్ళిచ్చాను. తాగి లేచారు. ఈసారి నేను తుమ్మాను. మళ్ళీ కూర్చున్నారు. పొగ కమ్మిన ఇంట్లో తుమ్మకుండా ఉండేదెవరు? వరంగల్ అమ్మాయి ముక్కు గట్టిగా పట్టుకుని, "అమ్మమ్మా, రోడ్డు బంద్ చేస్తరంట, జల్దిగ రండి!" అని బతిమాలింది. ఆవిడ ఊపిరి అప్పటికే పిల్లికూతలు కూస్తోంది. ఇంకాసేపు ఆ పొగలో ఉంటే మనిషి దక్కదని ఆవిడ సంచి నేనే భుజానికెత్తుకున్నాను. రెండో గ్లాసు ఖాళీ చేసి లేచి, గడప మీద కాలు పెట్టి, ఈసారి ఇల్లదిరేలా ఆవిడే తుమ్మారు. మేం ముగ్గురం ఆవిడ వంక చూశాం.

అత్తగారు కొండ వైపు చూశారు. "ఏంటలా చూస్తారు? ఇది నా తుమ్ము కాదు, ఆ పొగది. నన్నిక్కడే కూచోబెడదామని దాని ఎత్తు. దాని మాట నేను వింటానా? పదండి!" అని చకచకా గడప దాటేశారు. కారెక్కాక కూడా "పోతున్నాం" అనలేదు. కొండకేసి వేలు చూపిస్తూ, "వెళ్ళొస్తాం, ఉండు" అన్నారు.

ఇల్లు దక్కలేదు. అదే స్థలంలో మళ్ళీ కట్టుకున్నాం. గృహప్రవేశంనాడు పాలు పొంగించడానికి నేను అగ్గిపుల్ల తీస్తే, నా చేతిలోంచి లాక్కుని ఆవిడే పొయ్యి వెలిగించారు. "చూడు, నా చేతి కింద ఎంత బుద్ధిగా ఉందో" అన్నారు. నాకు నవ్వూ ఏడుపూ కలిసే వచ్చాయి. మంచి ఘడియ వస్తుందని ఎదురుచూస్తూ కూర్చున్నవాళ్ళని ఇన్నేళ్ళలో చాలామందిని చూశాను గానీ, ఎదురొచ్చిన చెడ్డ ఘడియ మెడలు వంచి మంచి ఘడియ చేసుకున్న మనిషిని మాత్రం ఆవిడనొక్కరినే చూశాను.