ఒక చెవి చిన్న మూకుడు

మొన్న మాఘమాసంలో శనివారం ఉదయం ఏడున్నరకి నేనూ మా ఆయన సన్యాసిరావూ భిలాయి పవర్ హౌస్ స్టేషన్లో రాయపూర్ లోకల్ కోసం నిలబడి ఉన్నాం. చలి బాగా ఉంది. ఆయన మంకీ క్యాప్ పెట్టుకుని, చేతిలో ఖాళీ గోనెసంచీతో, డ్యూటీకి వెళ్తున్న మనిషిలా నిలబడ్డాడు. నిజానికి వెళ్తున్నది ఆయన చేసిన తప్పు దిద్దడానికి.

సంగతి ఇది. మా క్యాంప్ వన్ లైన్లో సూరమ్మ వదిన దగ్గర ఒక బీడు మూకుడు ఉంది. పోత పోసిన ఇనుము, మంచి బరువు, నల్లగా నిగనిగలాడుతుంది. వాళ్ల అత్తగారు పాలకొండ నుంచి మోసుకొచ్చిందని లైనంతా చెప్పుకుంటాం. దానికి రెండు చెవులు, అందులో ఒకటి చిన్నది. దిబ్బరొట్టె వెయ్యాలంటే ఎవరైనా ఆ మూకుడే అడిగి తెచ్చుకోవాలి. నాన్‌స్టిక్ దాంట్లో వేసింది రొట్టె కాదు, స్పాంజి. వదిన అడిగితే ఇస్తుంది. ఒకటే కట్టడి, మూకుడు ఖాళీగా తిరిగి రాకూడదు. అందులో సోలెడు మినపపప్పు పోసి ఇవ్వాలి. మా లైన్లో మూకుట్లో పప్పు కనపడిందంటే అది ఎవరిదో వాళ్లింటికి పోతోందని అర్థం.

వదిన రాయపూర్లో కూతురింటికి వెళ్తూ మూకుడు నా చేతికిచ్చి వెళ్లింది. గురువారం రొట్టె వేసేను. అడుగు కొంచెం మాడింది. నేను చట్నీ పనిలో ఉంటే, సాయం చేద్దామని ఈయన పొగలొస్తున్న మూకుడ్ని పెరట్లోకి పట్టుకెళ్లి చెంబుడు చన్నీళ్లు కుమ్మరించేడు. రోలింగ్ మిల్లులో ముప్పయ్యేళ్లు ఎర్రటి ఉక్కు మీద నీళ్లు పడటం చూసిన కళ్లు కదా. ఉక్కయితే బుస్సుమని ఊరుకుంటుంది. బీడు టప్‌మంది. అంచు నుంచి అడుగు దాకా పగులు.

"మిల్లులో ఎప్పుడూ ఇలా అవలేదే," అన్నాడు.

"మిల్లులో రొట్టెలేసీవోరా ఏటి?" అన్నాను.

వదిన ఆదివారం వస్తానంది. ఆమె భర్త అప్పలసావి అన్న పోయి ఆరేళ్లయింది. అత్తింటి వస్తువని ఆమెకి మిగిలింది అదొక్కటే. పగిలిన మూకుడు ఆమె చేతిలో ఎలా పెట్టడం? కుమ్హారిలో ఒకావిడ పాత బీడు సామాన్లు బాగుచేసి అమ్ముతుందని పాలవాడు చెప్పేడు. అలాంటిదే ఒకటి తెచ్చి, అదే ఇదని ఇచ్చేద్దామని మా ఆయన ఆలోచన.

"నేను అబద్ధమాడను," అన్నాను. "అడక్కపోతే మాత్రం చెప్పను."

ఏడూ నలభైకి బండి వచ్చింది. టికెట్టు మనిషికి పది రూపాయలు. ఆ వేళప్పుడు కూరగాయల గంపలవాళ్లు ఎక్కుతారు, కాళ్లు పెట్టుకునే చోటు ముందే చూసుకోండి. ఎదురుగా ఎర్ర తోటకూర గంపతో కూర్చున్న ఆమె, "దాయీ, ఇంత పొద్దున్నే జంటగా ఎక్కడికి?" అని హిందీలో అడిగింది.

"కుమ్హారికి. మూకుడు కొనాలి."

"భిలాయిలో దొరకవా?"

"భిలాయిలో పగలగొట్టేవాళ్లు దొరుకుతారు," అని ఈయన్ని చూపించేను. ఆమె నవ్వి ఆయనకి ఒక జామకాయ ఇచ్చింది. నాకివ్వలేదు.

చరోడా బోర్డు నేనే పైకి చదివేను. అరవై దాటేక గుడి హాల్లో తెలుగు అక్షరాలు నేర్చుకున్నాను, హిందీవి బోర్డులు చూసి పట్టుకున్నాను. బోర్డు కనిపిస్తే చదవకుండా వదలను. "నాకు తెల్సులే," అంటాడు మా ఆయన ప్రతిసారీ.

ఎనిమిది దాటేక కుమ్హారిలో దిగేం. స్టేషన్ బయట టీ, సమోసా. టీ బాగుంది, సమోసాలో బంగాళాదుంప నిన్నటిది. అక్కడి నుంచి దారి అడుగుతూ నడిస్తే ఒక పెంకుటింటి వెనక రేకుల షెడ్డు. షెడ్డు ఆవిడ పేరు కుంతీ దీదీ. పాతసామాన్లవాళ్ల దగ్గర తుప్పుపట్టిన బీడు పెనాలు, మూకుళ్లు, పొంగణాల పెనాలు కొంటుంది. సోడా నీళ్లలో నానబెట్టి, తుప్పు గీకి, అవిసె నూనె పలచగా రాసి కాలుస్తుంది. ఆరేక మళ్లీ రాసి, మళ్లీ కాలుస్తుంది. నల్లగా అద్దంలా తేలేదాకా వదలదు.

"కా దాయీ, కా ఖోజత్ హస్?" అని ఛత్తీస్‌గఢీలో పలకరించింది. ఏం వెతుకుతున్నావమ్మా అని. మూకుడన్నాను.

కొనేవాళ్లకి నాకు తెలిసింది చెప్తాను. వేలి ముడితో కొట్టి చూడండి, గంటలా మోగాలి. మొద్దుగా పలికితే పగులున్నట్టే. బండమీద పెడితే ఊగకూడదు. నెహ్రూ నగర్ నుంచి కారులో వచ్చిన ఒక జంట ఇవేమీ చూడకుండా పెద్ద పెనం ఒకటి తీసేసుకున్నారు. మన తెలుగువాళ్లే, ఆ అబ్బాయి స్టీల్ ప్లాంటులో ఇంజనీరు.

"ఇది వింటేజ్ ఆంటీ," అంది ఆ అమ్మాయి. "డైనింగ్ హాల్లో గోడకి పెట్టుకుంటాం."

"గోడ ఏటి తింటదమ్మా?"

"గోడే నయం ఆంటీ, వంకలు పెట్టదు," అని మొగుడి వైపు చూసింది. ఆ అబ్బాయి కారు తాళాలు వెతుక్కున్నాడు.

మాకు సరిపడే మూకుడు ఒకటే దొరికింది. అదే వెడల్పు, అదే లోతు, మోత కూడా బాగుంది. చెవులే రెండూ సమానంగా ఉన్నాయి. మా ఆయన దాన్ని తిప్పి తిప్పి చూసి, "దీదీ, ఒక చెవి ఆకురాయితో రాసి చిన్నది చేస్తావా?" అన్నాడు.

"తుప్పు తీస్తాను దాదా, చెవులు కొయ్యను," అంది ఆమె.

పన్నెండొందలు చెప్పి వెయ్యికి దిగింది. సంచీలో పెడుతూ, "వేడిగా ఉన్నప్పుడు చన్నీళ్లు పొయ్యకండి," అంది. మా ఆయన షెడ్డు రేకులు లెక్కపెడుతున్నట్టు పైకి చూసేడు.

బజార్లో మినపపప్పు కొని, పొట్లం మూకుట్లో పెట్టి, పదకొండు గంటల బండి ఎక్కేం. రాయపూర్ నుంచి వచ్చే బండి. ఖాళీ ఉందని కిటికీ వైపు వెళ్లేను కదా, అక్కడ సూరమ్మ వదిన కూర్చుని ఉంది.

"ఒలే పైడమ్మా, నువ్వేటి ఇక్కడ?"

"నువ్వు రేపు గదా రావాలి?"

"అల్లుడు పొద్దస్తమానం టీవీ ఎట్టీసి కూకుంటన్నాడు. నా చెవులు పోయినాయి. వచ్చేసినాను."

మా ఆయన సంచీని సీటు కిందకి తోసేడు. అది ఖణేల్‌మంది.

"ఏటి తమ్ముడూ ఆ మోత?"

"ఏటీ నేదప్పా."

వదిన కాలితో సంచీ ముందుకి లాగి మూతి విప్పింది. మూకుడు చూసింది. అందులో పప్పు పొట్లం చూసింది.

"పప్పెట్టేవంటే ఎవులికో తిరిగిచ్చీది. ఎవులిదే?"

అడిగింది. చెప్పేసేను, చెంబుడు నీళ్లతో సహా. మా ఆయన మంకీ క్యాప్ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. చరోడా వచ్చి వెళ్లింది. బోర్డు నేను చదవలేదు.

"చన్నీళ్లేనా?" అంది వదిన చివరికి.

"చన్నీళ్లే అప్పా."

"మీ బావా చన్నీళ్లే పోసేడు."

మాకు అర్థం కాలేదు. అప్పుడు చెప్పింది. పెద్ద కూతుర్ని కనడానికి ఆమె పుట్టింటికి వెళ్తే, అప్పలసావి అన్న ఒక్కడూ వండుకుని, మాడిన మూకుడు మీద నీళ్లు కొట్టేడట. ఆయనదీ మిల్లు డ్యూటీయే. పాలకొండ మూకుడు ఆ రోజే పోయింది. ఎక్కడో ఇంకోటి సంపాదించి, వాళ్లమ్మ మూకుడికి ఒక చెవి చిన్నది గనక, దీనికీ ఆకురాయితో రాసి చిన్నది చేసేడట.

"నీకెలా తెల్సింది వదినా?"

"అత్త మూకుడు నాకేనాడూ రొట్టె సరిగ్గా వదల్లేదు. నానొచ్చి ఏసేసరికి జారి పళ్లెంలో పడింది. చెవి చూత్తే గీతలు."

"అన్నకి చెప్పలేదా?"

"ఏటని సెప్తాను? డ్యూటీ మానేసి కూకుని రాసినట్టున్నాడు, పాపం. నాకు తెలీదనుకునే పోయేడు. అలాగే పోనిచ్చినాను." పప్పుతో సహా మూకుడ్ని సంచీలోంచి పైకి తీసింది. "పగిలింది పారేసేవా?"

"లేదు. ఈయన మంచం కింద దాచేడు."

"అది నాకిచ్చీ. ఆ చెవి ఆయన చేతిది." పప్పు పొట్లం తీసి తన సంచీలో వేసుకుని, మూకుడ్ని ఒళ్లో పెట్టుకుని వేలితో కొట్టింది. బాగా మోగింది. రెండు చెవులూ తడిమి చూసి మా ఆయన వైపు తిరిగింది.

"తమ్ముడూ, ఇంట్లో ఆకురాయి ఉందా?"

"ఉందప్పా."

"మరేటి చూత్తావు? ఎల్లగానే మొదలెట్టు. కుడిది రాయి."

పవర్ హౌస్‌లో దిగి లైనుకి నడిచేం. మూకుడు వదినే మోసింది, ఈయన చేతికి ఇవ్వలేదు. ఈ సంగతి రాస్తానంటే, "రాసుకో, మన లైన్లో చదివీదెవులు?" అంది. కుమ్హారి మంచి ఊరు. పొద్దున బండికి వెళ్తే మధ్యాహ్నం భోజనానికి ఇంట్లో ఉండొచ్చు. సమోసా మాత్రం తినకండి.

ఆ రోజు ఉన్నవాళ్లు: నేను పైడమ్మ, మా ఆయన సన్యాసిరావు, తోటకూర గంప ఆమె, కుంతీ దీదీ, పెనం గోడకి పెట్టుకునే నెహ్రూ నగర్ జంట, సూరమ్మ వదిన. అప్పలసావి అన్న లేడు. ఆయన పేరు కూడా రాయమని వదిన చెప్పింది.