నా ఫోనుకు వచ్చిన సలోమి సీటు

పన్నెండేళ్లుగా ఒక మెసేజ్ బరువు మోస్తున్నాను. మూడు ఫోన్లు మార్చాను. బరువు మాత్రం దిగలేదు. ఇంట్లోవాళ్లకు చెప్పే ధైర్యం లేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను.

నేను జమ్మలమడుగులో హైస్కూలు టీచరును. సలోమి నా క్లాసు పిల్ల. వాళ్లమ్మ బండల పాలిష్ ఫ్యాక్టరీలో కూలీ. పదో తరగతి అయ్యాక పులివెందుల అవతల ఉన్న ఉచిత కాలేజీకి నేనే దరఖాస్తు పెట్టించాను. ఫీజు, హాస్టలు, తిండి అంతా ప్రభుత్వానిదే. వాళ్లింట్లో ఫోను లేదు. అందుకని నా నంబరే రాశాను. మా బడిలో ఇలా ఎందరికో రాసేవాళ్లం. మా అబ్బాయీ అదే కాలేజీకి పెట్టాడు.

ప్రొద్దుటూరు బస్సులో ఉండగా మెసేజ్ వచ్చింది. సలోమికి సీటు. శుక్రవారంలోగా వెళ్లి చేరాలి. ఫోనులోనే సీట్ల జాబితా తెరిచి చూశాను, మావాడి పేరు లేదు. నాకు ఒళ్లు మండిపోయింది. ట్యూషన్లు పెట్టించి, పక్కన కూర్చోబెట్టుకుని చదివించిన నా కొడుక్కి రానిది దీనికెలా వచ్చింది అనుకున్నాను. ‘దీనికి’ అనే అనుకున్నాను. రాస్తుంటే సిగ్గుగా ఉంది. రేపు చెబుదాంలే అని ఫోను సంచిలో వేశాను. నిజంగా రేపు చెప్పాలనే అనుకున్నానా, లేక చెప్పకూడదని ఆ బస్సులోనే తేల్చుకుని నాకు నేనే సర్దిచెప్పుకున్నానా? ఇన్నేళ్లు తవ్వుకున్నా తెలియడం లేదు.

బుధవారం తల్లీకూతుళ్లు ప్రొద్దుటూరులో మా ఇంటికి వచ్చారు.

“మెసేజ్ ఏమన్నా వచ్చిందా మేడమ్?” అంది సలోమి.

“ఇంగా రాలేదు పాపా. వస్తే చెప్పనా?” అన్నాను. ఫోను నా చేతిలోనే ఉంది.

“మీరుండారు గదా మేడమ్, మాకేం దిగుల్లేదు,” అంది వాళ్లమ్మ.

మజ్జిగ తాగి వెళ్లిపోయారు.

శుక్రవారం గడిచింది. మార్కులు చాల్లేదేమోనని కబురు పంపాను. సీటు ఇంకెవరికో పోయింది. మావాడికీ రాలేదు.

బడి తెరిచాక హెడ్మాస్టరు కాలేజీ నుంచి వచ్చిన జాబితా చూసి, “సీటొచ్చినా పోలేదంట ఆ పిల్ల,” అన్నారు. ఎందుకు పోలేదని ఆమెను అడిగినవాళ్లు లేరు. అప్పట్నుంచి స్టాఫ్‌రూములో ఉచిత చదువు మాట వస్తే చాలు, సలోమి పేరే తీస్తారు. ఊరికే ఇస్తే పేదల పేటల్లో విలువ తెలియదు, ఇచ్చి ఏం లాభం అంటారు. నేను టీ తాగుతూ వింటాను. ఒకసారి తల కూడా ఊపాను. ఆ కాలేజీ ఆమె బతుకు మార్చేదో లేదో నాకు తెలియదు. దాని గేటు దాకా కూడా నేను పోనివ్వలేదు.

పోయిన నెల ప్రొద్దుటూరులో ఒక చీరల అంగడికి వెళ్తే, చీరలు విప్పి చూపించింది సలోమే. కూతురు రెండో తరగతట. బాగా చదివించమన్నాను.

“శానా ఆశలు పెట్టుకోలేదు మేడమ్. నాకే మార్కులు చాలక సీటు రాకపాయ. మా బుర్రలంతే,” అని నవ్వింది.

చీర కొనకుండానే బయటికి వచ్చేశాను.

మళ్లీ అటు పోలేదు. క్షమించమనడానికి నోరు రావడం లేదు. ఇది రాస్తుంటే కాస్త ఊపిరాడుతోంది, అదీ నాకు తగదేమో.

నీ మార్కులు సరిపోయాయి సలోమీ. సీటు నీకే వచ్చింది. నేనే చెప్పలేదు.