'రైతు పేరు' గడిలో నేను

నాకు వరి నాటడం రాదు. మడిలో దిగితే చెప్పు పోగొట్టుకుని బయటికొస్తాను. విజయవాడలో ఇంటర్ పిల్లలకు సివిక్స్ చెప్పుకుని బతికేవాణ్ణి. అయినా కరోనా ఏడాది రైతులకని ప్రభుత్వం వేసిన సాయం నా ఖాతాలోనే పడింది. పామర్రు దగ్గర మాకున్న రెండెకరాల పాసుపుస్తకం నా పేరున ఉంది మరి.

ఆ పొలం పదిహేనేళ్లుగా ఒక పెద్దాయన కౌలుకు చేస్తున్నాడు. వయసులో మా నాన్నంతవాడు. నేను బాబాయ్ అంటాను, ఆయన నన్ను మేస్టారూ అంటాడు. కౌలు కార్డు ఉంటే ఆయనకూ సాయం వచ్చేది. దానికి పొలం యజమాని సంతకం కావాలి. నారు పోయకముందే కాగితం పట్టుకుని మా గుమ్మం దాకా వచ్చాడు.

"ఒక్క సంతకమండీ మేస్టారూ. పొలం మీదేనని అందులోనే రాసుందండీ."

"చూద్దాంలే బాబాయ్" అన్నాను.

మా ఇంట్లో 'చూద్దాం' అంటే కుదరదని అర్థం. సంతకం పెడితే పొలం చేజారుతుందని మావాళ్ల భయం. ఆ కాగితంలో అలాంటి ముక్క ఒక్కటీ లేదు. చదివాను కాబట్టి నాకు తెలుసు. తెలిసీ పెట్టలేదు. పిలవడానికి బాబాయ్, సంతకం దగ్గరికొచ్చేసరికి పరాయివాడు.

కాలేజీవాళ్లు సగం జీతమే ఇస్తున్నారు, నేనూ నష్టపోయినవాణ్ణేనని సర్దిచెప్పుకున్నాను. ఆ సాయం డబ్బుతో ఆన్‌లైన్ పాఠాలకని కొత్త ఫోను కొన్నాను. పారదర్శకత అంటే ఏమిటో ఆ ఫోనులోనే పిల్లలకు వివరించాను. సిగ్గు లేకుండా, ఉదాహరణలతో సహా.

కోతలయ్యాక వాన పట్టుకుంది. బాబాయ్ కుప్పలు తడిసి ధాన్యం మొలకలెత్తింది. కార్డు లేదు గనుక ఆ నష్టానికీ పరిహారం రాలేదు. పరామర్శకని వెళ్లాను. నిజం చెప్పాలంటే కౌలు బస్తాల సంగతి కనుక్కోవడానికి వెళ్లాను.

ఆయన గ్రామ సచివాలయంలో ఉన్నాడంటే అటే నడిచాను. అక్కడ గోడకు సాయం అందినవాళ్ల జాబితా అంటించారు. అభ్యంతరాలుంటే చెప్పమని కింద రాశారు. 'రైతు పేరు' అన్న గడిలో నా పేరు! నలుగురు నిలబడి చదువుతున్నారు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, మాస్కు ఇంకాస్త పైకి లాక్కున్నాను.

లోపల తనిఖీకి వచ్చిన ఉద్యోగిని ఒక్కో పేరూ చదివి ఊరివాళ్లను అడుగుతోంది. నా పేరు వచ్చింది.

"ఈయన వ్యవసాయం చేస్తున్నారాండీ?"

ముందు కుర్చీలోంచి బాబాయ్ లేచాడు. గుమ్మం దగ్గరున్న నన్ను చూడలేదు.

"చేస్తారండీ. ఆయన రైతేనండీ."

ఆవిడ టిక్కు పెట్టుకుంది. కాదంటే పొలం ఇంకొకరికి ఇచ్చేస్తానని ఆయన భయం. ఆ భయం పెట్టింది నేనే. అక్కడే నోరు తెరిచి "రైతు నేను కాదండీ, ఆయన" అని ఉండొచ్చు. నాలుగు మాటలు. రోజుకు నాలుగు గంటలు పాఠం చెప్పే నోరు ఆ రోజు పెగల్లేదు.

బయటికొచ్చాక ఆయన్ని పట్టుకున్నాను.

"బాబాయ్, ఆ కాగితం తీసుకురా. ఇప్పుడే సంతకం పెడతాను."

ఆయన ఒక్క క్షణం నా మొహంలోకి చూశాడు. కోపం లేదు, ఉంటే బావుండేది.

"గడువైపోయిందండీ మేస్టారూ. వచ్చే ఏడు చూద్దాంలెండి."

ఆ మాటకు మా ఇంట్లో అర్థమేమిటో ఆయనకు మొదటినుంచీ తెలుసు.